బడితోట పుట్టుపూర్వోత్తరాలు

ఛత్తీస్‌గఢ్‌లోని బస్తర్ పల్లెల్లో ఇంటిని ఆనుకుని బాడీ ఉంటుంది. వెదురు దడి, దడి లోపల నాలుగు సాళ్ల మొక్కజొన్న, ఇంటి కప్పు మీదికి పాకించిన ఆనప తీగ, పందిరికి చిక్కుడు, ఒక మూల మిరప, వంగ, ఇంకో మూల ఎర్ర తోటకూర, దడి పక్కన మునగచెట్టు. మన పెరటికీ దీనికీ పెద్ద తేడా లేదు. తొలకరికి విత్తనం పడితే చలికాలం దాకా ఆ ఇంట్లో కూర కొనాల్సిన పని తక్కువ. దంతెవాడ జిల్లాలో, బైలడిల్లా కొండల కింద ఉన్న బచేలి చుట్టుపక్కల ఊళ్లలో పిల్లలు ఆడుకునేదీ అక్కడే, పని నేర్చుకునేదీ అక్కడే. ఏ ఆకు ఎప్పుడు గిల్లాలో, ఏ కాయను విత్తనానికి వదిలేయాలో బళ్లో వేయకముందే వాళ్లకు తెలిసిపోతుంది.

అటువంటి పిల్లలకు బళ్లో తోట పెట్టి కూరగాయల పాఠం చెప్పడమేమిటని అనిపించడం సహజం. కానీ బచేలిలో ఉన్నవాళ్లంతా బాడీ ఉన్న పిల్లలే కాదు. గని పనుల కోసం, కూలి కోసం వచ్చి ఒంటిగది ఇళ్లలో సర్దుకున్న కుటుంబాలున్నాయి. ఊరు వదిలి ఆశ్రమ పాఠశాలల్లో, హాస్టళ్లలో పెరుగుతున్న పిల్లలున్నారు. వీళ్లకు గిల్లుకుందామంటే ఆకు లేదు. బయటి నుంచి లారీల్లో వచ్చే కూరగాయల ధరలో దారి ఖర్చు కూడా కలిసి ఉంటుంది. బడితోట అవసరం వీళ్లకు. అది ఎక్కడ పుట్టింది, ఎన్నిసార్లు ఎండిపోయింది, ఎందుకు ఎండిపోయింది అన్నది తెలిస్తే, ఇప్పుడు వేసే తోటనైనా బతికించుకోవచ్చు.

చదువుకు తోట కావాలన్న మాట ఐరోపాలో 17వ శతాబ్దం నాటికే ఉంది. చెక్ దేశపు విద్యావేత్త కొమీనియస్ బడి పక్కన తోట ఉండాలని, పిల్లలను అప్పుడప్పుడూ అందులోకి వదలాలని రాశాడు. చెట్టూ పువ్వూ చూసి కళ్లు సంతోషపడాలన్నది ఆయన ఉద్దేశం. చేత్తో మట్టి పట్టించినవాడు ఫ్రోబెల్. 1837లో జర్మనీలో తన బాలల బడి మొదలుపెట్టాక ఒక్కో పిల్లకు ఒక్కో చిన్న మడి, అందరికీ కలిపి ఇంకో మడి ఉండాలన్నాడు. నీది నువ్వు చూసుకో, అందరిదీ అందరూ చూసుకోండి అని.

ఆ తరువాత ప్రభుత్వాలు దిగాయి. 1869లో ఆస్ట్రియా తెచ్చిన ప్రాథమిక విద్యా చట్టంలో, పల్లెటూరి బళ్లలో వీలైన మేరకు ఉపాధ్యాయుడికి ఒక తోట, సేద్యం ప్రయోగాలకు కొంత నేల ఉండాలని రాశారు. ఉపాధ్యాయుడికి తోట అన్న మాట దగ్గర ఒక్క క్షణం ఆగాలి. బడితోటలో పండింది ఎవరిది అన్న పేచీకి విత్తనం ఆ చట్టంలోనే పడింది. పంతులుగారికా, బడికా, పిల్లలకా? ఈ ప్రశ్నకు స్పష్టమైన జవాబు లేని చోటల్లా తోటలు ఎండిపోయాయి.

అమెరికాలో మొదటిదిగా చెప్పుకునే బడితోట 1891లో బోస్టన్ నగరంలోని రాక్స్‌బరీలో, జార్జ్ పుట్నం స్కూల్లో వచ్చింది. హెన్రీ లింకన్ క్లాప్ అనే అధ్యాపకుడు ఐరోపా వెళ్లి అక్కడి బడితోటలు చూసి వచ్చి వేయించాడు. అందులో ముందుగా వేసినవి అడవిపూలు, కూరగాయలు తరువాత వచ్చాయి. పేదవాడల పిల్లల కోసమని పట్టుబట్టి తోట వేయించినావిడ ఫ్యానీ గ్రిస్కమ్ పార్సన్స్. 1902లో న్యూయార్క్‌లో, వలస కూలీలు కిక్కిరిసి ఉండే పడమటి వాడలో, డెవిట్ క్లింటన్ పార్కు నేలలో పిల్లలకు మడులు పంచింది. ముల్లంగి, బీన్స్, క్యారట్ లాంటి కూరలు పండించి పిల్లలు ఇంటికి పట్టుకెళ్లేవారు. పండించినవాళ్లే తిన్నారు. నా లెక్కలో పేద పిల్లల బడితోటకు అసలు పుట్టుక ఇదే.

మొదటి ప్రపంచ యుద్ధంలో అమెరికా ప్రభుత్వం స్కూల్ గార్డెన్ ఆర్మీ అని పేరు పెట్టి లక్షల మంది పిల్లలతో కూరగాయలు పండించింది. యుద్ధం ముగియగానే డబ్బులు ఆగాయి, తోటలూ ఆగాయి. పెద్దల అవసరం కోసం వేసిన తోట ఆ అవసరం తీరాక నిలవదు.

మన దేశంలో ఈ ఆలోచన రెండు దారుల్లో నడిచింది. రవీంద్రుడి దారి ఒకటి. 1922లో శాంతినికేతన్ పక్కనే శ్రీనికేతన్, 1924లో పల్లె పిల్లల కోసం శిక్షాసత్ర. ఇంగ్లండ్ నుంచి వచ్చిన వ్యవసాయ నిపుణుడు ఎల్మ్‌హర్స్ట్ ఆయనకు కుడిభుజం. చేతిపని, తోటపని అక్కడ చదువులో భాగం. రెండోది గాంధీజీ దారి. 1937 అక్టోబరులో వార్ధాలో విద్యా సమావేశం జరిగింది. జాకిర్ హుస్సేన్ కమిటీ నివేదిక ఇచ్చింది. నూలు వడకడం, వడ్రంగం, వ్యవసాయం, పండ్లూ కూరగాయల తోట, ఇలా ఏదో ఒక చేతిపని చుట్టూ చదువు అల్లుకోవాలన్నారు. అదే నయీ తాలీమ్. తెలుగునాట మనం బేసిక్ స్కూళ్లన్నవి ఆ చెట్టు కొమ్మలే. మన తాతల తరంలో చాలామంది బడి వెనక పాదులు తవ్వి నీళ్లు పోసినవాళ్లే.

ఆ బళ్లు ఎందుకు నిలవలేదో నిజాయితీగా చెప్పుకోవాలి. పల్లె తల్లిదండ్రులు అడిగిన ప్రశ్న న్యాయమైనదే: 'మా పిల్లలు ఇంట్లో చేసేది ఈ పనే కదా, బడికి పంపింది కూడా కలుపు తీయడానికేనా? పట్నం బళ్లో ఇంగ్లీషు చెబుతుంటే మాకు పార ఇస్తారా?' తోటపని దొరల పిల్లలకు వినోదమై, పేదల పిల్లలకు వెట్టి అయిన చోట ఆ బడిని ఎవరూ తమదనుకోలేదు. బస్తర్‌లో ఈ మాటకు ఇంకా పదును ఎక్కువ.

ఎందుకంటే బస్తర్‌లో బడి మొదట్లో స్నేహితుడిగా రాలేదు. 1905లో మూడింట రెండు వంతుల అడవిని రిజర్వు చేస్తామని, పోడు, వేట, అటవీ ఫలసాయం ఆపుతామని వలస ప్రభుత్వం ప్రతిపాదించింది. వెట్టి, కరువు తోడయ్యాయి. 1910లో భూమ్‌కాల్ తిరుగుబాటు లేచింది. నేతనార్ గ్రామపు గుండా ధుర్ పేరు ఆ తిరుగుబాటుతో ఇప్పటికీ వినిపిస్తుంది. తిరుగుబాటుదారులు బజార్లు దోచారు, అధికారుల, వ్యాపారుల ఇళ్లూ ఠాణాలూ తగలబెట్టారు, ధాన్యం పంచారు. తగలబెట్టినవాటిలో బళ్లు కూడా ఉన్నాయి. అడవిని లాక్కున్న చేయీ బడి కట్టిన చేయీ ఒకటేనని వాళ్లకు కనిపించింది.

యాభై ఏళ్లు దాటాక కొండమీది ఇనుము కోసం రోడ్డూ రైలూ వచ్చాయి. కేంద్ర ప్రభుత్వ గనుల సంస్థ ఎన్‌ఎండీసీ 1968లో కిరండూల్ వైపు, 1977లో బచేలి వైపు తవ్వకం మొదలుపెట్టింది. కొత్తవలస-కిరండూల్ రైలుమార్గం విశాఖ రేవును ఈ కొండకు కట్టింది. ఖనిజం జపానుకు వెళ్లింది, ఆ రైలు వెంటే ఉత్తరాంధ్ర నుంచి మనవాళ్లు ఇక్కడికి వచ్చారు. బచేలిలో తెలుగు వినిపించడానికి కారణం అదే. కంపెనీ టౌన్‌షిప్ పెరిగింది, దాని అంచున కూలీల బస్తీలూ పెరిగాయి. ఖనిజం కడిగిన ఎర్రమట్టి చేరి శంఖినీ నది ఎర్రబారడం ఈ ప్రాంతపు పాత ఫిర్యాదు. తోట పెట్టేవాళ్లు నీరు ఎక్కడిదో ముందు చూసుకోవాలి. ఖనిజపు మట్టి కలిసే వాగు పక్కన కంటే బోరో బావో ఉన్నచోటే తోట వేయాలి, ఆ నీటికి కూడా ఒకసారి పరీక్ష చేయించుకోవాలి.

2005 నుంచి, మావోయిస్టులకు వ్యతిరేకంగా ప్రభుత్వ అండతో నడిచిన సల్వా జుడుం కాలంలో దంతెవాడలో ఊళ్లకు ఊళ్లు ఖాళీ అయ్యాయి. కొన్ని బడుల్లో భద్రతా దళాలు దిగాయి, మావోయిస్టులు బడి భవనాలు పేల్చేశారు. దళాలు బడులు ఖాళీ చేయాలని 2011లో సుప్రీంకోర్టు ఆదేశించాల్సి వచ్చింది. లోపలి ఊళ్ల పిల్లలను రోడ్డు పక్కన తొందరగా నిలబెట్టిన పోర్టా క్యాబిన్ ఆశ్రమ బళ్లలోకి తెచ్చారు. గీదం దగ్గర జవంగాలో ఎడ్యుకేషన్ సిటీ వచ్చింది. చదువు దొరికింది, ఆ మేలును తక్కువ చేయలేం. కానీ ఇంటి బాడీ ఎక్కడో అడవి వెనక ఉండిపోయింది. ఆ బళ్లలో ఉండే పిల్లకు రోజూ కంచంలో పడేదే తిండి. అమ్మ గిల్లిపెట్టే చరోటా ఆకు, పుల్లటి ఖట్టా భాజీ, ముంగా ఆకు, రాగి పేజ (అంబలి) ఆ కంచంలో ఉండకపోవచ్చు.

కంచంలో ఏముండాలో కాగితం మీద ఉంది. పిల్లలకు బళ్లో భోజనం పెట్టడం 1920లో మద్రాసు కార్పొరేషన్ బడితో మొదలైంది. 1956లో ముఖ్యమంత్రి కామరాజ్ దాన్ని మద్రాసు రాష్ట్రమంతా పరిచారు. దేశవ్యాప్త పథకం 1995 ఆగస్టు 15న వచ్చింది. వండిన అన్నమే పెట్టాలని 2001 నవంబరు 28న సుప్రీంకోర్టు చెప్పింది. 2021 నుంచి పేరు పీఎం పోషణ్. నియమం ప్రకారం ప్రాథమిక తరగతుల పిల్లకు రోజుకు 100 గ్రాముల బియ్యం, 20 గ్రాముల పప్పు, 50 గ్రాముల కూరగాయలు, ఆపై తరగతులకు 150, 30, 75. బియ్యం ప్రభుత్వం ఇస్తుంది. కూరగాయలు మాత్రం ఇచ్చే కొద్దిపాటి వంట ఖర్చులోంచే కొనాలి. ధర పెరిగిన నెలలో వంట చేసే మహిళా సంఘం ముందు దేన్ని తగ్గించుకుంటుంది? ఇంట్లో మనం తగ్గించుకునేదాన్నే. ఆకుకూర పోయి ఆలుగడ్డ, సోయా బడీ (మీల్ మేకర్) వస్తాయి.

ఈ ఖాళీని తోటతో పూరించాలన్న ప్రయత్నం కొత్తదేమీ కాదు. 1960లలో యూనిసెఫ్, ఎఫ్‌ఏఓ, డబ్ల్యూహెచ్‌ఓ సాయంతో అప్లైడ్ న్యూట్రిషన్ ప్రోగ్రామ్ పేరుతో ఒడిశాలో మొదలై ఇతర రాష్ట్రాలకు పాకిన కార్యక్రమంలో బడితోటలూ, ఊరితోటలూ, కోళ్లూ, చేపలూ అన్నీ ఉన్నాయి. 1973లో దేశమంతా పరిచారు. అది తడబడడానికి నిపుణులు చెప్పిన కారణాలు మూడు: అనువైన నేల లేదు, నీరు లేదు, పెట్టిన డబ్బు చాలదు. 2019లో కేంద్ర మానవ వనరుల శాఖ బళ్లలో పోషకాహార తోటలకు మార్గదర్శకాలు ఇచ్చినప్పుడు, నేల లేకపోతే డాబా మీద, కుండీల్లో, సంచుల్లోనైనా పెంచవచ్చని చెప్పింది. అదే ఏడాది అక్టోబరు 2న ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం సుపోషణ్ అభియాన్ ప్రారంభించింది. అప్పట్లో రాష్ట్రం తలకెత్తుకున్న నరువా (వాగు), గరువా (పశువులు), ఘురువా (ఎరువు కుప్ప), బాడీ నినాదంలో నాలుగోది మన పెరడే. బాడీకి సర్కారు గౌరవం దక్కిన సందర్భం అది.

గౌరవం ఎందుకు అవసరమో ఒక లెక్క చెబుతుంది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేల ప్రకారం ఛత్తీస్‌గఢ్‌లో ఐదేళ్ల లోపు పిల్లల్లో రక్తహీనత 2015-16లో 41.6 శాతం, ఆ తరువాతి సర్వేలో 67.2 శాతం. దేశంలోనే మేలిరకం ఇనుప ఖనిజం ఉన్న కొండ కింద కూర్చుని ఈ అంకె చదవాలంటే గుండె బరువెక్కుతుంది. రాతిలో ఇనుము రక్తంలోకి రాదు, ఆకులో ఇనుము వస్తుంది. అదీ నిమ్మకాయో ఉసిరికాయో పక్కన ఉంటేనే బాగా ఒంటబడుతుంది. అన్నీ తోటే తీరుస్తుందని అనను. బస్తర్‌లో మలేరియా ఉంది, సికిల్ సెల్ ఉంది. వాటికి వైద్యం కావాలి. తోట వైద్యానికి తోడు మాత్రమే.

తోట ఎంత ఇస్తుంది? ప్రాథమిక బడిలో 60 మంది పిల్లలుంటే రోజుకు 3 కిలోల కూర కావాలి. తోటకూర విత్తిన నెలకే కోతకు వస్తుంది. బాగా ఎరువేసిన మడిలో చదరపు మీటరుకు కిలో దిగుబడి అత్యాశ కాదు. ఇరవై చదరపు మీటర్ల మడిని నాలుగు ముక్కలు చేసి వారానికో ముక్క విత్తితే వారం వారం 5 కిలోల ఆకు. వారానికి రెండు రోజులు పప్పులో ఆకు పడుతుంది. పందిరికి చిక్కుడు, ఆనప పాకిస్తే ఇంకో రోజు. మొత్తం కూరలు తోటే ఇవ్వాలని కూర్చుంటే ఎవరికీ సాగదు. వారంలో మూడు రోజులు పచ్చటి కూర పడినా కంచం మారినట్టే.

నీటి సంగతి చూద్దాం. అన్నం ముందు అరవై మంది చేతులు కడుక్కుంటారు. ఆ నీరు బడి వెనక బురదగుంటలోకి పోతుంది. పంపు దగ్గర నుంచి చిన్న కాలువ తీసి చేమ, అరటి, బొప్పాయి పాదులకు మళ్లిస్తే రోజూ తడి అందుతుంది. బియ్యం కడిగిన నీళ్లు ఆకు మడికి. పొయ్యి బూడిద చీడకు మందు. ఇవి ఏ వ్యవసాయాధికారీ చెప్పాల్సిన సంగతులు కావు, వంట చేసే అమ్మలకు చిన్నప్పటి నుంచీ తెలుసు. వాళ్లనే అడగాలి.

దడి లేకపోతే ఇవేవీ దక్కవు. ఖరీఫ్ వరి కోశాక బస్తర్‌లో పశువులను విచ్చలవిడిగా వదిలేయడం ఆనవాయితీ. డిసెంబరులో మొలకెత్తిన పాలకూర జనవరికి ఆవు కడుపులో ఉంటుంది. వెదురు దడికి ఖర్చు పెట్టలేని తోటకు విత్తనం ఖర్చు కూడా దండగే.

వేసవి సెలవులే బడితోటకు అసలు గండం. పిల్లలు ఉండరు, ఎండ మండిపోతుంది, జూన్‌లో తలుపు తీస్తే ఎండుపుల్లలే. అందుకే సగం మడుల్లోనైనా ఏడాది మొక్కలు కాకుండా ఏళ్ల తరబడి నిలిచే మొక్కలు ఉండాలి. మునగ, కరివేపాకు, దొండ, కంద, చేమ, బొప్పాయి, నిమ్మ. వేసవి కాపలాకు ఒక ఇంటికి బాధ్యత ఇచ్చి, ఆ రెండు నెలల పంట ఆ ఇంటిదేనని ముందే చెప్పేస్తే పేచీ ఉండదు. మిగిలిన పదినెలలూ కోసిన ఆకు ఆ రోజు కుండలోకే పోవాలి. సంతకూ వద్దు, ఎవరి ఇంటికీ వద్దు.

పిల్లలతో పని చేయించడం మీద కూడా గట్టి కట్టుబాటు ఉండాలి. అల్లరి చేసినవాడికి కలుపు తీసే శిక్ష వేస్తే తోట జైలైపోతుంది. నీళ్లు మోసే పని ఆడపిల్లలకే అంటగట్టకూడదు. పాఠం గంటలో మడి కొలవాలి, దిగుబడి తూచి రాయాలి, గణితమూ విజ్ఞానమూ అక్కడ నేర్పాలి. 1990లలో జహీరాబాద్ దగ్గర మాచ్‌నూర్‌లో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ వాళ్లు మొదలుపెట్టిన పచ్చసాలెలో పుస్తకం చదువుతో పాటే సేద్యం, వడ్రంగం లాంటి పనులు నేర్పారు. ఊరి విత్తనానికి, ఊరి ఆడవాళ్ల తెలివికి బళ్లో చోటిచ్చారు. మన తెలుగునేల మీద దగ్గరి ఉదాహరణ కావాలంటే అదే.

బయటి అనుభవం ఒకటి మనకు బాగా పనికొస్తుంది. ప్రపంచ కూరగాయల కేంద్రం నేపాల్, భూటాన్, బుర్కినా ఫాసో వంటి దేశాల్లో బడితోటలు పెట్టించి ఫలితం కొలిచింది. పిల్లలకు కూరగాయల గురించి తెలివి పెరిగింది, ఇష్టమూ పెరిగింది. కానీ బళ్లో తోట ఉన్నంత మాత్రాన ఇంట్లో ఎక్కువ తినలేదు. నేపాల్‌లో బడితోటకు ఇంటిపెరటిని జతచేసి తల్లులకు కూడా విత్తనం, శిక్షణ ఇచ్చినప్పుడు తినడం పెరిగింది. బచేలి బస్తీలో పెరడు లేని ఇంటికి సంచిలో మట్టి పోసి బచ్చలి తీగ ఇవ్వడం, ఆశ్రమ బడి పిల్ల సెలవులకు ఊరెళ్లేటప్పుడు గుప్పెడు విత్తనాలు కట్టి పంపడం, ఊరి విత్తనం తిరిగి బడికి తెప్పించుకోవడం ఆ దారిలోవే.

బచేలిలో ఉన్న తెలుగువాళ్లకు ఒక మాట. కంపెనీ క్వార్టర్‌లో ఉన్నా, బజారులో కొట్టు పెట్టుకున్నా, మనలో ఎంతోమంది ఇంటి ముందు కరివేపాకు, వెనక గోంగూర, మునగ లేకుండా ఉండలేరు. ఆ గోంగూరే ఇక్కడి ఖట్టా భాజీకి దగ్గరి చుట్టం, ఆ మునగే ముంగా. ప్రభుత్వ బళ్లలో పుట్టినరోజుకు తిథి భోజనం పెట్టే వీలుంది, పెడుతున్నవాళ్లకు దండం. దానితో పాటు బడి నిర్వహణ కమిటీతో మాట్లాడి ఒక దడి కట్టించండి, రెండు మునగ కొమ్మలు, దోసెడు గోంగూర గింజలు ఇవ్వండి. వంట చేసే అక్కచెల్లెళ్లను అడిగి వాళ్లకు ఏ ఆకు కావాలో అదే వేయించండి. బస్తర్‌కు వానలు జూన్ నడిమికి వస్తాయి. దడి పని మే నెలలోనే అయిపోవాలి.